మోక్షగుండం విశ్వేశ్వరయ్య

ఎదుట పని యుండగా కూర్చుండి ఆలోచించువానిని చూచినచో లోకమునకు ఓపిక యుండదు. సోమరియని కొందరు, పిరికివాడని కొందరు తలంతురు. శ్రీ విశ్వేశ్వరయ్యగారి జీవితమును పరిశీలించినవారు ఈ అభిప్రాయమును మార్చుకొనక తప్పదు.

ఆయన పూర్వులు గిద్దలూరు ప్రాంతమునందలి మోక్షగుండమను గ్రామమునుండి మైసూరు సంస్థానమునకు వలసపోయినవారు. ఆయన ముద్దెనహళ్ళిలో జన్మించిరి. బాల్యముననే తండ్రి గతించెను. బెంగుళూరులో పిల్లలకు పాఠములు చెప్పుచు తాము చదువుకొనిరి. పిదప పూనాలో ఇంజనీరింగు విద్య ముగించి, 1884లో బొంబాయి ప్రభుత్వ కొలువున చేరిరి.

సింధునదీ తీరమునందలి సుక్కూరు పట్టణమునకు మంచినీటి యేర్పాటు చేయు భారము ఆయనపై బడెను. నదిలోనిది బురదనీరు, దానిని వడగట్టు కట్టడములకు పురపాలక సంఘమువద్ద చాలినంత ధనము లేదు. నదీగర్భముననే బావి త్రవ్వించినచో, ఇసుకయే నీటిని వడగట్టి యిచ్చునని ఆయన యోచించి, అట్లే చేయించిరి.

పూనా సమీపమున ఖడక్‌వాస్లా జలాశయము కలదు. అదనపు నీటిని నిలుపుటకై అచ్చట అలుగుపై తాత్కాలికముగా కట్ట వేయుట, వరదకు అది కొట్టుకొనిపోవుట, మరల వేయుట ఆచారమైయుండెను. ఏటేట ఇట్లేల జరుగవలెనని ఆయన ప్రశ్నించుకొనిరి. నీరు నియమితమైన మట్టమునకు రాగానే తమంతట తామే తెరచుకొని, తగ్గగానే మూసికొను తలుపులను కల్పించి, 1903లో అమర్పించిరి. ఆనకట్ట ఎత్తు పెంచకయే ఎక్కువ నీరు నిలిచెను.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచివేసెను. వేలకొలది జనులు మరణించిరి. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టునెక్కి నూరుమందికి పైగా ప్రాణములు దక్కించుకొనిరని చెప్పుదురు. ఆ చెట్టు నేటికిని నిలిచియున్నది. అప్పటికి విశ్వేశ్వరయ్యగారు కొలువు వదలి విదేశములలో సంచరించుచుండిరి. నిజాం ప్రభుత్వము ఆహ్వానింపగా 1909లో వచ్చిరి.

శోకార్తమైన నగరమునకు వెంటనే కంటికి కనబడు పని యేదైన కావలెను. నదికి ఇరుప్రక్కల గట్లు పోసిన చాలునని తోచుటయు సహజమే. ఆయన మాత్రము నీరు వచ్చిన త్రోవను పట్టుకొని ఎగువకు పోయిరి. వర్షపు లెక్కలను సేకరించి, ఇతర ప్రాంతముల లెక్కలతో పోల్చిరి. గొలుసుకట్టు చెరువులు ఒకదానివెంట నొకటి తెగుటచే వరద ఇనుమడించెనని గ్రహించిరి. మూసీపై నొకటి, దాని ఉపనదియగు ఈసీపై నొకటి జలాశయములు నిర్మించి, వరదనీటికి ఊరి వెలుపలనే చోటు చూపవలెనని సూచించిరి. కట్టినవారు వేరు, తలపు ఆయనది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తి యయ్యెను. ప్రాణములు తీసిన నీరే ఆ నగరమునకు త్రాగునీరయ్యెను.

మైసూరులో ఆయన చీఫ్ ఇంజనీరుగను, 1912 నుండి 1918 వరకు దివానుగను పనిచేసిరి. కావేరిపై కృష్ణరాజసాగర నిర్మాణము ఆ కాలముననే సాగెను. ప్రభుత్వోద్యోగములలో బ్రాహ్మణేతరులకు ప్రత్యేక స్థానము కల్పించు విషయమున మహారాజుతో అభిప్రాయభేదము కలిగి, పదవిని వదలుకొనిరి. యోగ్యతయే ప్రమాణమని ఆయన పట్టుదల. ఇచ్చట ఆయన ఆలోచన ఎగువ వరకు పోలేదని మాకు తోచును. ఆ యోగ్యతను సంపాదించు త్రోవలే కొందరికి తరతరములుగా మూసికొనియుండెను గదా!

తరువాత సైతము ఆయన హైదరాబాదునకు వచ్చి డ్రైనేజి పనుల విషయమున సలహా లొసంగిరి. 1955లో భారతరత్న బిరుదము పొందిరి. 1962 ఏప్రిల్ మాసమున, నూరేండ్లు దాటిన పిదప, బెంగుళూరులో దేహము చాలించిరి. వారి కోరిక ననుసరించి అంత్యక్రియలు స్వగ్రామమగు ముద్దెనహళ్ళిలోనే జరిగెను.