గిడుగు రామమూర్తి: సరదాగా నేర్చుకున్న కొండ భాషే.. హిస్టరీ టీచర్‌ను రచయితను చేసింది!

బలిఘట్టం (నర్సీపట్నం): వరాహ నది ఒడ్డున ఉన్న బలిఘట్టం నుంచి కాస్త పైకి వెళ్తే చాలు.. మన్యం మొదలవుతుంది. ఆ కొండల్లో కువి, ఆదివాసీ ఒడియా లాంటి భాషలు ఇంట్లో మాట్లాడే పిల్లలున్నారు. బడికి వెళ్తే చేతికొచ్చే పుస్తకం మాత్రం వేరే భాషలో ఉంటుంది. ఈ ఇబ్బందిని వందేళ్లకు ముందే గుర్తించిన ఓ టీచర్ ఉన్నారు. ఆయనే గిడుగు వెంకట రామమూర్తి. వాడుక భాష ఉద్యమ పితామహుడిగా ఆయన అందరికీ తెలుసు. మరి ఆయన కలం పట్టడానికి దారి చూపింది ఏంటో తెలుసా? డ్యూటీ అయ్యాక పెట్టుకున్న ఓ హాబీ!

చోడవరంతో అనుబంధం

గిడుగు 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం జిల్లా శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి వీర్రాజు ఉద్యోగ రీత్యా చోడవరంలో ఉండేవారు. ఇప్పుడు నర్సీపట్నంతో పాటు అనకాపల్లి జిల్లాలోనే ఉన్న ఊరది. 1875లో విషజ్వరంతో తండ్రి అక్కడే చనిపోయారు. అప్పటికి గిడుగుకు పన్నెండేళ్లు. ఆ తర్వాత విజయనగరం మహారాజా వారి స్కూల్లో చదువుకున్నారు. అక్కడ ఆయన క్లాస్‌మేట్ ఎవరో కాదు.. గురజాడ అప్పారావు!

1880లో పర్లాకిమిడి రాజా వారి స్కూల్లో టీచర్‌గా చేరారు. జీతం నెలకు 30 రూపాయలు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా బీఏ పూర్తి చేశారు. శ్రీముఖలింగం గుడి గోడల మీద శాసనాలను ఎవరి సాయం లేకుండా చదవడం నేర్చుకున్నారు. తెలియని లిపి కనిపిస్తే వదిలేవారు కాదన్నమాట.

ఇంట్లోనే సవర గురువు

పర్లాకిమిడి చుట్టూ కొండల్లో సవరలు ఉంటారు. వాళ్లకు చదువు చెప్పాలని గిడుగుకు కోరిక. కానీ వాళ్ల భాష రాదు. నేర్చుకుందామంటే పుస్తకాల్లేవు. అందుకే తెలుగు, సవర రెండూ వచ్చిన ఒకరిని ఇంట్లోనే పెట్టుకుని, ఒక్కో మాటా విని రాసుకున్నారు. కొండలెక్కి ఊరూరా తిరిగారు.

భాష వచ్చింది. ఇక పాఠం చెప్పాలంటే పుస్తకం కావాలి కదా? లేదు కాబట్టి తానే రాశారు. హిస్టరీ టీచర్ రచయితగా మారింది ఇక్కడే. సొంత డబ్బుతో స్కూళ్లు పెట్టి, టీచర్లకు జీతాలిచ్చి, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు. మద్రాసు ప్రభుత్వం మెచ్చుకుని పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బుతో స్కూలు నడపమన్నారు. 1913లో ప్రభుత్వం రావు బహదూర్ బిరుదు ఇచ్చింది.

వినికిడి పోయినా ఆగలేదు

దీనికి ఆయన చెల్లించిన మూల్యం చిన్నది కాదు. అడవుల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి దెబ్బతింది. మనుషుల మాటలు వింటూ భాషను పట్టుకునే మనిషికి చెవులే పోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి! అయినా పని ఆపలేదు. దశాబ్దాల శ్రమ తర్వాత 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర - ఇంగ్లిష్ నిఘంటువు అచ్చయ్యాయి.

కొండ మీద నుంచి తెలుగులోకి

సవర పిల్లాడికి సవరలో చెబితే ఎక్కుతుంది. మరి తెలుగు పిల్లాడికి ఎవరూ మాట్లాడని గ్రాంథిక భాష ఎందుకు? గిడుగు పోరాటమంతా ఈ ప్రశ్న చుట్టూనే నడిచింది. 1911లో ఉద్యోగం నుంచి రిటైరయ్యాక పూర్తికాలం దీనికే ఇచ్చారు. పండితులతో సభల్లో వాదించారు, వ్యాసాలు రాశారు, 1919లో 'తెలుగు' అనే మాసపత్రిక పెట్టారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలవడంతో, దాన్ని వ్యతిరేకిస్తూ ఊరు వదిలి రాజమండ్రి వచ్చేశారు. 1940 జనవరి 22న కన్నుమూశారు.

ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఇప్పుడు మీరు చదివిన ఈ వార్త గ్రాంథికంలో కాకుండా వాడుక తెలుగులో ఉందంటే, అందులో గిడుగు కష్టం ఉంది. బలిఘట్టం పైన కొండల్లో ఇంటి భాష ఒకటి, బడి భాష ఇంకొకటిగా పెరుగుతున్న పిల్లల విషయంలో మాత్రం.. ఆయన వేసిన ప్రశ్న ఇంకా అలాగే ఉంది.