పిడికెడు బియ్యపు లెక్క: అధ్యక్షులు అజరయ్య గారు



దోర్నకల్ ప్రథమ అధ్యక్షులైన వి.ఎస్. అజరయ్య గారి పేరు మన మెదక్ అధ్యక్ష మండలములోను బాగుగా తెలిసినదే. సంఘైక్యత కొరకు ఆయన పడిన పాటును గూర్చి చాలమంది వ్రాసియున్నారు. బీద సంఘము తన కానుకతోనే నిలువవలెనని ఆయన పట్టిన పట్టును మేమిక్కడ జ్ఞాపకము చేయగోరుచున్నాము.

ఆయన 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతములో ఒక గ్రామ గురువు ఇంట జన్మించిరి. 1895 నుండి వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా ఊరూర తిరిగిరి. 1903లో ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించినవారిలో ముఖ్యులై, దానికి కార్యదర్శియైరి. మనుష్యులు, డబ్బు, నిర్వహణ మూడును మన దేశపువే కావలెననునది దాని నియమము. వినుటకు సులభమే. అయితే తిరునెల్వేలిలో తాటిచెట్లెక్కి బ్రతుకు కుటుంబమిచ్చిన అణా వందల మైళ్ల దూరమున, నైజాం రాజ్యమందలి దోర్నకల్‌లో ఖర్చగును. ఇచ్చినవారు ఆ ఊరు చూడబోరు. వారికి కనబడునది ఉత్తరమును జమాఖర్చు కాగితమును మాత్రమే.

1909లో అభిషేకము పొంది ఆయనే దోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకొనిరి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అధ్యక్షులైరి. ఆంగ్లికన్ సంఘములో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే.

ఇక్కడి విశ్వాసులు కూలీనాలీ చేసుకొనువారు, చేతిలో రొక్కముండదు. కనుక వంటకు బియ్యము తీయునప్పుడెల్ల గృహిణి పిడికెడు వేరుగా కుండలో వేసి, కూడిన బియ్యమును గుడికి తెచ్చు పద్ధతిని ఆయన ప్రోత్సహించిరి. మా తాడ్వాయి వైపు పల్లెలలో కోతపండుగకు వడ్లు, మక్కలు తెచ్చువారికి ఇందలి చిక్కు తెలియును. రూపాయికి లెక్క సులువు. గింజకు కొలత వేరు, ధర వేరు, పురుగు వేరు. తెచ్చిన దినముననే ఇద్దరి యెదుట కొలిచి, అమ్మిన ధర పుస్తకములో వ్రాయనియెడల అది పిడికెడు పిడికెడుగానే కరగిపోవును. దానికి దొంగ ఉండనక్కరలేదు! వేలము పాడినవాడు సంఘపెద్దయే అయిన యెడల మరింత జాగ్రత్త కావలెను. యెరూషలేము చందా విషయమై పౌలు తీతుతో పాటు మరికొందరు సహోదరులను పంపుట 2 కొరింథీ 8లో చూచెదము. అపొస్తలుడై యుండియు తన్ను ఊరకే నమ్ముడని అడుగలేదు.

1939 జనవరి 6న దోర్నకల్ ఎపిఫనీ దేవాలయము ప్రతిష్ఠింపబడెను. కడపటి సంవత్సరములలో అజరయ్య గారు క్రైస్తవ దానమును గూర్చి పుస్తకము కూడ వ్రాసిరి. 1945 జనవరి 1న దోర్నకల్‌లోనే ప్రభువునందు నిద్రించిరి. ఆయన ప్రయాసపడిన దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న ఏర్పడెను. దానిని ఆయన కన్నులు చూడలేదు.