పూలు ఆగవు: అనంతాళ్వార్ తోటలో కాసేపు



ఈ వారం వీడియోలో తిరుమల మహాద్వారం దగ్గర వేలాడే గునపం గురించి చెప్పుకున్నాం కదా. కథ చెప్పేసరికే టైమ్ అయిపోయింది. ఆ గునపం పట్టుకున్న మనిషి గురించి నా మనసులో ఉన్న మాటలు మిగిలిపోయాయి. అవి ఇక్కడ రాస్తున్నాను.

ముందు మా బాల్కనీ సంగతి కొంచెం చెప్పాలి. మాది హైదరాబాద్‌లో నాలుగో అంతస్తు ఫ్లాట్. తూర్పు వైపు సన్నని బాల్కనీ, అందులో పన్నెండు కుండీలు. తులసి, నందివర్ధనం, రెండు మందారాలు, కనకాంబరాలు, మల్లె. మల్లెకి జనవరిలో కొమ్మలు కత్తిరించి, ఆకు దూసి, కొన్నాళ్లు నీళ్లు తగ్గించాలి. చూడ్డానికి ఎండిపోయిన పుల్లల్లా ఉంటుంది. తర్వాత ఎరువు వేసి నీళ్లు పెడితే ఉగాది దగ్గరపడేసరికి చిగురు, ఆ చిగురు చివర మొగ్గ. ఈ సంవత్సరం మొదటి మొగ్గల కోసం నేను రోజూ పొద్దున్నే వెళ్లి లెక్కపెట్టుకునేదాన్ని.

ఒక ఆదివారం అక్క కూతురు వచ్చింది. ఆరేళ్ల పిల్ల. మేం వంటింట్లో ఉండగా వెళ్లి మొగ్గలన్నీ కోసేసింది. ఇంకా పచ్చిగా ఉన్నవి, బియ్యపు గింజంత ఉన్నవి కూడా. పచ్చి మొగ్గ కోస్తే ఇక విచ్చుకోదు. నాకు ఎక్కడలేని కోపం వచ్చి గట్టిగా అరిచేశాను. అది ఏడుస్తూ అమ్మమ్మ దగ్గరికి పరుగెత్తింది. తర్వాత దేవుడి గదిలోకి వెళ్లి చూస్తే, ఆ మొగ్గలన్నీ వేంకటేశ్వరస్వామి పటం ముందు వరసగా పేర్చి ఉన్నాయి.

ఆ రోజే నాకు అనంతాళ్వార్ గుర్తొచ్చారు.

ఆయన 11వ శతాబ్దంలో కర్ణాటక ప్రాంతంలో పుట్టారు. అసలు పేరు అనంతుడు. అనంతాచార్యులు అని కూడా అంటారు. శ్రీరంగంలో భగవద్రామానుజుల శిష్యుల్లో ఒకరు. ఒకరోజు రామానుజులవారు నమ్మాళ్వార్ల తిరువాయ్‌మొళి పాఠం చెబుతూ తిరుమల కొండ మీది పాశురాల దగ్గరకొచ్చారు. ఆ కొండ మీద స్వామికి పూలతో చేసే సేవ ప్రస్తావన రాగానే ఆయన కళ్లు చెమర్చాయట. అక్కడ ఉండి, పూలతోట వేసి, రోజూ స్వామికి మాలలు కట్టి ఇచ్చేవారు మీలో ఎవరైనా ఉన్నారా అని శిష్యులను అడిగారు.

ఎవరూ లేవలేదు. వాళ్లని తప్పుపట్టలేం అండీ. ఇప్పుడు మనకి ఘాట్ రోడ్డు ఉంది, బస్సులు ఉన్నాయి, కాటేజీలు ఉన్నాయి. అప్పుడు తిరుమల అంటే సముద్రమట్టానికి 850 మీటర్ల పైన దట్టమైన అడవి. చలి, మంచు, క్రూరమృగాలు. పైగా శ్రీరంగం వదలడమంటే గురువుగారిని వదలడమే. అంత సభలో లేచి నిలబడింది అనంతుడు ఒక్కరే. నువ్వే మగవాడివి అన్న అర్థంలో రామానుజులవారు ఆయన్ని మెచ్చుకున్నారని, అప్పటినుంచి తమిళంలో ఆయనకి అనంతాణ్‌పిళ్లై అని పేరు వచ్చిందని చెబుతారు.

నాకు ఇక్కడ ఒక విషయం బాగా నచ్చుతుంది. గురువుగారు అడిగింది పెద్ద గ్రంథం రాయమని కాదు, వాదాల్లో గెలవమని కాదు. మొక్కలు నాటమన్నారు, నీళ్లు పోయమన్నారు, పూలు కోసి దండ కట్టమన్నారు. అది ఒక రోజుతో అయిపోయే పని కాదు. ఈ రోజు కట్టిన మాల రేపటికి వాడిపోతుంది. రేపు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

అనంతాళ్వార్ భార్యతో కలిసి కొండ చేరుకున్నారు. ఆలయానికి దగ్గర్లోనే నేల బాగుచేసి తోట వేశారు. దానికి గురువుగారి పేరే పెట్టుకున్నారు. తోట పెరిగేకొద్దీ నీళ్లు చాలలేదు. వర్షాకాలంలో కురిసిన నీళ్లు నిలవాలంటే చెరువు కావాలి. కూలీలను పెట్టుకోలేదు. గురువుగారు తనకి అప్పగించిన సేవ కాబట్టి తామిద్దరే చేయాలని ఆయన పట్టుదల. ఆయన గునపంతో తవ్వేవారు. భార్య ఆ మట్టిని గంపకెత్తుకుని దూరంగా పోసి వచ్చేది. అప్పుడామె నిండు గర్భిణి.

నిజం చెప్పాలంటే, ఈ కథ చిన్నప్పుడు మొదటిసారి విన్నప్పుడు నాకు భక్తి కలగలేదు. కోపం వచ్చింది. కడుపుతో ఉన్న మనిషి చేత మట్టి మోయించడం ఏం సేవ అని అమ్మని అడిగాను. అమ్మ వెంటనే జవాబు చెప్పలేదు. కథ ఇంకా ఉంది, పూర్తిగా విను అంది. ఈ కథలో ఆ ప్రశ్న మొదట స్వామికే వచ్చిందని నాకు పెద్దయ్యాక గానీ అర్థం కాలేదు.

పన్నెండేళ్ల పిల్లాడి రూపంలో స్వామి అక్కడికి వచ్చాడు. సాయం చేస్తానన్నాడు. అనంతాళ్వార్ ఒప్పుకోలేదు. గురుసేవలో మూడోవాళ్లకి భాగం లేదని పంపేశారు. పిల్లాడు వెళ్లినట్టే వెళ్లి, దారి మలుపు దగ్గర ఆగాడు. అలసిపోయి వస్తున్న ఆ తల్లి దగ్గర గంప అందుకుని, తానే మట్టి పోసి వచ్చి, ఖాళీ గంప ఆమె చేతికి ఇచ్చేవాడు. ఆమె కాదనలేదు.

కాసేపటికి అనంతాళ్వార్‌కి అనుమానం వచ్చింది. భార్య ఇంత త్వరగా ఎలా తిరిగొస్తోంది? వెళ్లి చూస్తే సంగతి బయటపడింది. కోపం ఆగలేదు. పిల్లాడు పరుగెత్తాడు. ఈయన చేతిలోని గునపం విసిరారు. అది వెళ్లి పిల్లాడి గడ్డానికి తగిలింది. రక్తం కారుతుండగా పిల్లాడు గుడి వైపు పరుగెత్తి కనిపించకుండా పోయాడు.

గర్భగుడిలో అర్చకులు చూస్తే స్వామి గడ్డం నుంచి రక్తం కారుతోంది. కబురు అందగానే అనంతాళ్వార్ పరుగున వచ్చారు. చూశారు. ఆ పిల్లాడు ఎవరో అర్థమైపోయింది. ఏడుస్తూ ఆ గాయానికి పచ్చకర్పూరం అద్దారు. అప్పటినుంచి ఈ రోజు వరకు స్వామి గడ్డానికి పచ్చకర్పూరం అలంకారం జరుగుతూనే ఉంది. ఆ గునపం మహాద్వారం దగ్గర కుడివైపు గోడకి ఉంది. ఈసారి వెళ్లినప్పుడు క్యూలో తోపులాట ఎంతున్నా ఒక్క క్షణం తలెత్తి చూడండి.

మనం సాధారణంగా గుళ్లో భక్తుల గెలుపులే దాచుకుంటాం కదా. ఇక్కడ ఒక భక్తుడి పొరపాటుని గుమ్మం దగ్గరే వేలాడదీశారు. లోపలికి వెళ్లే ప్రతివాడూ దాని పక్కనుంచే వెళ్లాలి. నాకు అది చెప్పే మాట ఒక్కటే. సేవ మంచిదే, కానీ దాని ముందు నాది అన్న మాట చేరిందా, అది గునపమై ఎవరికో ఒకరికి తగులుతుంది. ముందు తగిలేది సాయం చేయడానికి వచ్చినవాళ్లకే. మా అక్క కూతురికి తగిలినట్టు.

అయితే అనంతాళ్వార్ జీవితం గునపం దగ్గర ఆగిపోలేదు. ఆయన గురించి పెద్దలు చెప్పే మిగతా కథల్ని నేను నా మనసులో ఒక వరసలో పెట్టుకున్నాను. ఏది ముందు, ఏది తర్వాత అన్నది నా లెక్క మాత్రమే.

ఒకసారి ఆయన మాల కడుతుండగా స్వామి నుంచి పిలుపు వచ్చింది, వెంటనే రమ్మని. ఆయన వెళ్లలేదు. మాల పూర్తిచేసి, తీరిగ్గా తీసుకెళ్లారు. ఆలస్యం ఎందుకని స్వామి అడిగితే, మొగ్గలు విచ్చుకునే వేళ అని, అప్పుడు వదిలితే మాల పాడవుతుందని చెప్పారు. కొండ మీద నుంచి పంపేస్తే ఏం చేస్తావని స్వామి అడిగారట. ఈ కొండకి నువ్వూ వచ్చినవాడివే, నేనూ వచ్చినవాడినే, కాకపోతే నువ్వు కాస్త ముందు వచ్చావు అన్నట్టు ఆయన జవాబిచ్చారు. స్వామి మురిసిపోయాడు.

మొక్కలు పెంచేవాళ్లకి ఈ కథ వెంటనే అర్థమవుతుంది. పూలు ఎవరికోసమూ ఆగవు. మల్లె సాయంత్రం విచ్చుకుంటుంది, మన మీటింగ్ అయ్యేవరకు ఆగదు. మందారం పొద్దున పూసి సాయంత్రానికి ముడుచుకుంటుంది. ఆ వేళకి మనమే అక్కడ ఉండాలి. ఫోన్ పక్కన పెట్టి ఆ పది నిమిషాలు నిలబడితే చాలు, ధ్యానం అని విడిగా కూర్చోవలసిన పని ఉండదు అనిపిస్తుంది నాకు.

ఇంకోసారి తోటలో పాము కరిచింది. అందరూ విషం తీయించుకోమన్నారు. ఆయన పట్టించుకోలేదు. విషం నెగ్గితే విరజానదిలో స్నానం చేసి వైకుంఠంలో సేవ చేసుకుంటాను, నేను నెగ్గితే ఇక్కడ పుష్కరిణిలో స్నానం చేసి ఈ స్వామికే సేవ చేసుకుంటాను, రెండింటిలో తేడా ఏముంది అన్నారు. (మనం మాత్రం పాము కరిస్తే హాస్పిటల్‌కే వెళ్లాలండోయ్.) ఆ మాటలో నాకు కనిపించేది మొండితనం కాదు, నిశ్చింత. తోట ఎక్కడ ఉన్నా ఆయనకి పని ఉంటుంది, అంతే.

తోటలో దొంగలు పడిన కథ మీకు తెలిసే ఉంటుంది. రోజూ రాత్రి ఎవరో పూలు కోసుకుపోతున్నారని కాపు కాశారు. ఒక రాకుమారుడు, రాకుమారి వచ్చారు. అమ్మాయి దొరికింది, ఆమెను సంపెంగ చెట్టుకి కట్టేశారు. అబ్బాయి ఆలయం చుట్టూ అప్రదక్షిణంగా పరుగెత్తి మాయమయ్యాడు. తెల్లారి గుడిలో చూస్తే స్వామి వక్షస్థలం మీద అమ్మవారు లేరు. విషయం తెలిసిన అనంతాళ్వార్ అమ్మవారిని పూలబుట్టలో కూర్చోబెట్టుకుని, కూతుర్ని అత్తవారింటికి తీసుకెళ్లే తండ్రిలా గుడికి చేర్చారు. అలా స్వామికి మామగారయ్యారు. ఇప్పటికీ బ్రహ్మోత్సవాలు ముగిసిన మర్నాడు బాగ్‌సవారి అని స్వామి అప్రదక్షిణంగా ఊరేగుతూ ఆ తోటకి వెళ్లివస్తారు. మనం స్వామి దగ్గరికి వెళ్లడానికి గంటలు గంటలు నిలబడతాం. స్వామి మాత్రం ఏటా ఒకరి తోట చూడ్డానికి వెళతాడు!

అన్నిటికంటే నాకు ఇష్టమైనది చీమల కథ. ఆయన ఏదో ప్రయాణం మీద కొండ దిగి చాలా దూరం వెళ్లాక, తినడానికి ప్రసాదం మూట విప్పారు. అందులో చీమలు ఉన్నాయి. మనమైతే దులిపేసి తింటాం. ఆయన మూట మళ్లీ కట్టి, అంత దూరమూ వెనక్కి నడిచి, కొండెక్కి, చీమలను అక్కడే వదిలిపెట్టారు. తిరుమల మీద ఏదో ఒక రూపంలో పుట్టాలని కోరుకున్న మహాభక్తులు అవి కావచ్చు, వాటిని కొండ దాటించే హక్కు తనకి లేదని ఆయన భావం.

సాయానికి వచ్చిన పిల్లాడిని తరిమిన చేతులూ, చీమల కోసం మళ్లీ కొండెక్కిన కాళ్లూ ఒకే మనిషివి. తోటలో ఏళ్ల తరబడి ఉంటే ఇలా జరుగుతుందేమో. మొదట్లో తోట నాది. తర్వాత తోటకి నేను. చివరికి ఆ తోటలోకి వచ్చే ప్రతిదీ స్వామి పంపినదే.

కొన్నాళ్లకు రామానుజులవారు తిరుమల వచ్చి ఆ తోటను కళ్లారా చూసి ఎంతో సంతోషించారు. అనంతాళ్వార్ జీవితమంతా ఆ కొండ మీదే గడిపారు. వేంకటాచల ఇతిహాసమాల అనే సంస్కృత గ్రంథం ఆయన రచనగా చెబుతారు. అయినా జనం గుర్తుపెట్టుకున్నది గునపాన్నీ పూలబుట్టనీ. తిరుమలకి పుష్పమండపం అని పేరు. అక్కడ పూసే పూలన్నీ స్వామికే అని కొండ మీద ఆడవాళ్లు తలలో పూలు పెట్టుకోరు.

ఇక మా బాల్కనీ సంగతి. తర్వాతి ఆదివారం అక్క కూతుర్ని నేనే పిలిపించాను. సారీ చెప్పాను. ఏ మొగ్గ కోయాలో, ఏది ఆగాలో చూపించాను. తెల్లగా, నిండుగా ఉన్నది సాయంత్రం కోస్తే రాత్రికి దేవుడి ముందే విచ్చుకుంటుందని చెప్పాను. అది ఒక్కో మొగ్గనీ ముట్టుకుని, ఇదా పిన్నీ, ఇదా పిన్నీ అని అడుగుతూ పదకొండు కోసింది. రెండు పచ్చివి కూడా కోసేసింది లెండి. వాటినీ పటం ముందు పెట్టాం. రాత్రి భోజనాల వేళకి తొమ్మిది విచ్చుకున్నాయి, ఇల్లంతా వాసన.

మీ ఇంట్లో చోటు లేకపోయినా ఒక్క తులసి కుండీ పెట్టుకోండి. నీళ్లు పోసే పని ఇంట్లో ఇంకొకరితో పంచుకోండి. వాళ్లు కాస్త ఎక్కువ పోసినా ఏమీ అనకండి.

గోవిందా గోవింద. వచ్చే వారం మళ్లీ కలుద్దాం.