గగనపు రెండవ అంతస్తును కనుగొనిన టెస్రాన్ ద బోర్

ఎత్తునకు పోయినకొలది గాలి చల్లబడునని కొండలెక్కినవారందరును ఎరుగుదురు. కిలోమీటరునకు సుమారు ఆరున్నర డిగ్రీల సెంటీగ్రేడు చొప్పున ఉష్ణము తగ్గుచుండును. ఈ తగ్గుదల ఎడతెగక సాగి, గాలి ముగియుచోట శూన్యపు మహాశీతలముతో కలియునని పందొమ్మిదవ శతాబ్దమున పలువురు పండితులు తలచుచుండిరి. ఆ తలంపు సరికాదని కాగితపు బెలూనులతో నిరూపించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లియోన్ టెస్రాన్ ద బోర్. ఆయన చరిత్రమును మన విద్యార్థులకొరకు సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ఈయన 1855 వ సంవత్సరము నవంబరు 5 వ తేదిని పారిసు నగరమున జన్మించెను. తండ్రి ఇంజనీరు. 1880 లో పారిసునందలి కేంద్ర వాతావరణ కార్యాలయమున చేరి, 1892 నుండి అచ్చట ప్రధాన వాతావరణ శాస్త్రజ్ఞుడుగా పనిచేసెను. నడుమ ఉత్తర ఆఫ్రికాకు మూడుమారులు ప్రయాణముచేసి భూగర్భ విషయములను, భూమియొక్క అయస్కాంత శక్తిని పరిశోధించెను. గౌరవము గల ఉద్యోగమే. అయినను నేలమీది కొలతలతో ఆయన మనస్సు తృప్తి చెందలేదు. 1896 లో ఆ పదవిని వదలుకొని, వెర్సాయి సమీపమునందలి ట్రాప్ అను గ్రామమున తన స్వంత ధనముతో ఒక పరిశోధనాలయమును కట్టించెను.

మీది గాలిని తెలిసికొనగోరి మనుష్యులు స్వయముగా ఎక్కిపోయి కష్టముల పాలైన దినములవి. 1862 లో ఇంగ్లాండునందు జేమ్స్ గ్లేషరు బెలూనులో ఎగిరి, పలుచని గాలిలో స్మృతి తప్పి, తోడివాని ధైర్యమువలన బ్రతికి బయటపడెను. 1875 లో జెనిత్ అను ఫ్రెంచి బెలూనులో ముగ్గురెక్కగా ఇద్దరు ప్రాణవాయువు చాలక మరణించిరి. 1892 మొదలు ఎర్మిత్, బెజాన్సోన్ అను ఇద్దరు పారిసువాసులు మనుష్యుని పంపుట మాని, తమంతట తామే కొలతలను వ్రాసికొను యంత్రములను మాత్రమే బెలూనులకు కట్టి పంపసాగిరి. టెస్రాన్ ద బోర్ ఈ త్రోవనే పట్టెను.

మొదట ఆయన పెద్ద గాలిపటములను ఉక్కుతీగతో ఎగురవేసెను. ఒకమారు కొన్ని గాలిపటములు ఏడు కిలోమీటర్ల తీగతో కూడ తెగి పారిసు మీదుగా కొట్టుకొనిపోయి, ఒక పొగయోడను, ఒక రైలుబండిని నిలిపి, రెన్ పట్టణపు తంతివార్తలను ఆపివేసినవని చెప్పుదురు. 1899 లో డ్రైఫసు అను సైనికోద్యోగి విచారణ ఆ పట్టణమున జరుగుచుండ, దేశమంతయు వార్తకై ఎదురుచూచుచున్న దినమది!

గాలిపటము అందుకొనలేని ఎత్తునకు ఆయన బెలూనులను పంపెను. వానిని తేలికయగు కాగితముతో చేసి, వార్నీషు పూసి, హైడ్రోజను వాయువుతో నింపుచుండిరి. క్రింద వ్రేలాడు చిన్న బుట్టలో గాలి ఒత్తిడిని, ఉష్ణమును గుర్తించు పరికరములుండును. గడియారపు యంత్రముతో తిరుగు గొట్టముమీద సూదిమొన ఆ రెంటిని గీతలుగా గీయును. ఒత్తిడినిబట్టి ఎత్తును లెక్కకట్టవచ్చును. బెలూను ఎచ్చటనో పడిన పిమ్మట దానిని చూచిన పల్లెవాడు తిరిగి పంపిననే ఫలితము. లేనియెడల శ్రమయంతయు వ్యర్థము.

తిరిగి వచ్చిన గీతలలో ఒక వింత కనబడెను. సుమారు పదకొండు కిలోమీటర్లవరకు ఉష్ణము క్రమముగా తగ్గెను. అటుపైని తగ్గుట ఆగిపోయెను. ఇది గొప్ప వార్తయే. మరియొకడైనచో వెంటనే చాటియుండును. ఆయన మాత్రము మొదట తన యంత్రమునే అనుమానించెను. పైకి పోయినకొలది బెలూను మందగించును. పరికరమునకు తగులు గాలి తగ్గును. అప్పుడు సూర్యుని యెండ దానిని వేడిచేయవచ్చును గదా! ఈ సందేహము తీర్చుకొనుటకై రాత్రివేళ బెలూనులను వదలెను. చీకటిలోను అదే గీత వచ్చెను. వేసవిలోను, చలికాలములోను, తుఫానువేళను, నిర్మలదినములందును వదలెను. అదే గీత.

మొత్తము 236 బెలూనులను పంపి, వానిలో 74 పదునాలుగు కిలోమీటర్ల ఎత్తును చేరిన తరువాత, 1902 ఏప్రిలు 28 న ఫ్రెంచి శాస్త్ర పరిషత్తునకు తన ఫలితమును తెలియజేసెను. ఆ పొర యొక్క అడుగు తుఫానులమీద తక్కువ ఎత్తునను, నిర్మల వాతావరణమున హెచ్చు ఎత్తునను ఉండునని కూడ చూపెను. మూడుదినములకే బెర్లినులో రిచర్డు ఆస్మాన్ అను పండితుడు వేరుగా ఇట్టి ఫలితమునే ప్రకటించెను. ఆయన వాడినవి రబ్బరు బెలూనులు. సాధనములు వేరైనను సత్యమొక్కటియే యయ్యెను.

పిమ్మట ఆయన అమెరికా శాస్త్రజ్ఞుడగు రాచ్ గారితో కలిసి ఒటారియా అను ఓడను ఉష్ణమండలపు అట్లాంటిక్ సముద్రమునకు పంపి, అచ్చట ఆ పొర ఇంకను ఎత్తున మొదలగునని కనుగొనెను. మబ్బులు, వానలు గల క్రింది పొరకు ట్రోపోస్ఫియరు అనియు, మీది నిశ్చలపు పొరకు స్ట్రాటోస్ఫియరు అనియు పేరులు పెట్టినవాడాయనయే. 1913 జనవరి 2 న కాన్ పట్టణమున మరణించెను. ఆ మీది పొరలోని ఓజోను వాయువు సూర్యుని అతినీల కిరణములను పీల్చుకొని గాలిని వేడిచేయుటయే ఆ వింతకు కారణమని తరువాతివారు తెలిసికొనిరి. నేడు మన హైదరాబాదునుండియు టాటా పరిశోధన సంస్థవారు స్ట్రాటోస్ఫియరులోనికి పెద్ద బెలూనులను పంపుచున్నారు.

విద్యార్థులారా, ప్రయోగశాలలో మీకు వచ్చిన లెక్క పుస్తకములోని లెక్కతో సరిపడనప్పుడు దానిని చెరిపి పుస్తకపు లెక్కను వేయు అలవాటు కొందరికి కలదు. ఆ గీతను ఆయన చెరిపియుండిన స్ట్రాటోస్ఫియరు ఆయనకు దొరకకపోయియుండును. మొదటి దినముననే నమ్మి చాటియుండిన, ఎండ చేసిన మోసమేమో యని అడిగినవారికి బదులుండెడిది కాదు. చెరుపక, తొందరపడక, మరల కొలిచినందుననే ఆయన మాట నిలిచినది. మీరును అట్లే మరల కొలువుడు.