కూరేశుల కుటీరము

కాంచీపురమునకు కొలది క్రోసుల దూరమున కూరము అను గ్రామము కలదు. సౌమ్య నామ సంవత్సర మకర మాసమున, హస్తా నక్షత్రమున, అనగా క్రీ.శ. 1010వ సంవత్సరమున, శ్రీవత్సాంకమిశ్రులు అచ్చట అవతరించిరని గురుపరంపర చెప్పుచున్నది. వీరినే మనము కూరేశులనియు, అరవమున కూరత్తాళ్వాన్ అనియు కీర్తించుచున్నాము. భగవద్రామానుజులు 1017లో అవతరించిరి గనుక శిష్యుడు ఆచార్యునికంటె ఏడేండ్లు పెద్ద. విద్యలోగాని వయస్సులోగాని తాను పెద్దనన్న తలంపు ఆ శిష్యునకు ఏనాడును కలుగలేదు.

కూరేశులది మహాసంపన్నమైన కుటుంబము. వారి మందిరమున ప్రొద్దు పొడిచినది మొదలు రాత్రి వరకు అన్నదానము జరుగుచుండెడిది. దీనులు, బాటసారులు, వేదపండితులు ఎవరు వచ్చినను విస్తరి వేయబడెడిది. వారి ధనము పెట్టెలలో మూలిగిన ధనము కాదని మరువరాదు. వారు విడిచినది పిసినారి సొత్తు అయినచో ఈ కథకు ఇంత గౌరవము ఉండెడిది కాదు.

ఒకనాటి రాత్రి అన్నదానము ముగిసిన పిమ్మట ఆ మందిరపు పెద్ద తలుపులు మూసిరి. ఆ ధ్వని కంచి వరదుని సన్నిధి వరకు వినవచ్చినదట. పెరుందేవి తాయారు అది ఏమి చప్పుడని స్వామిని అడుగగా, ఆలవట్ట కైంకర్యము చేయుచుండిన తిరుక్కచ్చినంబి, అనగా కాంచీపూర్ణులు, అది కూరేశుల ఇంటి తలుపుల చప్పుడని, వారి అన్నదాన మహిమను కూడ విన్నవించిరి. ఈ వార్త చెవిని పడినప్పుడు మరియొకరు అయినచో పొంగిపోవుదురు. కూరేశులు సిగ్గుతో క్రుంగిపోయిరి. లక్ష్మీదేవి చెవిని సోకినది తమ భక్తి కాదు, తమ తలుపుల బరువు! ఆ ఐశ్వర్యమునంతటిని దానము చేసి, శ్రీరంగమున రామానుజుల పాదసేవయే శరణ్యమని నిశ్చయించి, ధర్మపత్ని ఆండాళమ్మతో కాలినడకన బయలుదేరిరి.

దారిలో అడవి అడ్డము వచ్చినది. చీకటి పడుచుండెను. ఇచ్చట భయమేమైనను కలదా అని ఆండాళమ్మ అడిగెను. చేతిలో ధనము ఉన్నవారికే భయమని, నీయొద్ద ఏమైనను ఉన్నదా అని కూరేశులు ప్రశ్నించిరి. ఆమె కొంగు ముడి విప్పి చూపెను. అందు ఒక చిన్న బంగారు గిన్నె ఉండెను. భర్త ప్రతిదినము నీరు త్రాగు గిన్నె అది. మార్గమధ్యమున దప్పిక అయినచో వారు దేనితో త్రాగుదురని తలచి ఆమె దానిని వెంట తెచ్చినది. కూరేశులు దానిని తీసుకొని పొదలలోనికి విసరివేసి, ఇక భయము లేదని చెప్పి ముందునకు నడచిరి.

ఆండాళమ్మకు బంగారముపై మమకారము తీరలేదని కొందరు కథకులు చెప్పుదురు. అది ఆ తల్లికి చేయు అన్యాయము. తనకొరకై ఆమె ఒక్క నగనైనను మిగుల్చుకొనలేదు. తన వస్తువును విడుచుట కొంత సులభము. ప్రియమైనవారికి అక్కరకు వచ్చునని దాచినదానిని విడుచుట మిక్కిలి కష్టము. ఏ గృహిణిని అడిగినను ఈ మాట నిజమని ఒప్పుకొనును. ఇంటి మూలమూలలయందు పేరుకొను సామగ్రిలో సగము ఇట్టి ప్రేమవలననే పేరుకొనుచున్నది గదా!

శ్రీరంగమున ఆ దంపతులు చిన్న కుటీరమున నివసించిరి. కూరేశులు ఉంఛవృత్తికి వెళ్ళి నాటికి చాలినంత మాత్రమే తెచ్చెడివారు. మరునాటికి దాచు అలవాటు ఆ ఇంట లేదు. ఒకనాడు ఎడతెగని వర్షము కురిసి భిక్షకు వెళ్ళుట కుదరలేదు. ఇరువురును పస్తు ఉండిరి. రాత్రి శ్రీరంగనాథునకు ఆరగింపు అగుచున్న వాద్యఘోష వినవచ్చినది. తన భక్తుడు ఆకలితో ఉండగా స్వామి ఆరగించుచున్నాడే అని ఆండాళమ్మ మనసున క్షణకాలము తలచినది. కొంతసేపటికి ఛత్రచామరాదులతో ప్రసాదము ఇంటి ముంగిటికి వచ్చినది. కూరేశులు ఆనందింపక, నీవేమైనను తలచితివా అని భార్యను అడిగిరి. ఆమె దాపరికము లేక ఒప్పుకొనెను. స్వామిని ఆ విధముగ తొందరపెట్టితిమే అని కూరేశులు నొచ్చుకొని, రెండు పిడికిళ్ళ ప్రసాదము మాత్రమే స్వీకరించి దానిని ఆమెకు కూడ ఇచ్చిరి. ఆ ప్రసాద ఫలముగ జన్మించినవారే పరాశరభట్టరు, వేదవ్యాసభట్టరు.

బోధాయన వృత్తి కొరకై రామానుజులు కాశ్మీరమునకు వెళ్ళినప్పుడు కూరేశులు వెంట ఉండిరి. ఆ గ్రంథమును అచ్చటివారు మరల తీసుకొనిపోయిరి. అప్పటికే కూరేశులు రాత్రులయందు దానిని చదివి ధారణ చేసియుండిరి. శ్రీభాష్య రచనకు ఆ ధారణయే ఆధారమైనది.

తరువాతి దారుణము అందరు ఎరిగినదే. చోళరాజు పిలిపించినప్పుడు ఆచార్యుని కాషాయమును ధరించి, ఆచార్యునికి బదులుగ తామే సభకు వెళ్ళి, కూరేశులు కన్నులను కోల్పోయిరి. వెంట వెళ్ళిన వృద్ధుడైన పెరియనంబి ప్రాణములనే విడిచిరి. కన్నులు లేక శ్రీరంగమునకు తిరిగి వచ్చిన కూరేశులను గుడి వాకిట అడ్డగించిరి. రామానుజ సంబంధము కలవారికి ప్రవేశము లేదని ఒకడు అనగా, ఈయన సజ్జనుడు గనుక పోనిమ్మని మరియొకడు పలికెను. ఆచార్య సంబంధమును విడిచి పొందు దర్శనము తమకు వలదని కూరేశులు వెనుదిరిగిరి. ఆలుబిడ్డలతో తిరుమాలిరుంజోలైకి తరలిపోయిరి. మూటగట్టుకొనుటకు ఆ ఇంట ఏమి ఉన్నది కనుక? అచ్చట అళగర్ స్వామిపై సుందరబాహుస్తవమును రచించిరి.

అనేక సంవత్సరముల తరువాత రామానుజులు మేల్కోట నుండి తిరిగి వచ్చి, వరదుని స్తుతించి చూపును కోరుమని కూరేశులను ఆజ్ఞాపించిరి. ఒకనాడు తమ తలుపుల చప్పుడు వినవచ్చిన ఆ సన్నిధియందే వారు వరదరాజస్తవమును విన్నవించిరి. స్వామి వరము కోరుమనగా, తమ కన్నులు పోవుటకు కారకుడైన నాలూరానుకు మోక్షమును ప్రసాదింపుమని వేడిరి. ఆ కోరిక తీరినది. రామానుజులు అది విని, తమ ఆజ్ఞ నెరవేరలేదే అని బాధపడిరి.

కూరమున ఆదికేశవ పెరుమాళ్ళ ఆలయమున కూరేశుల సన్నిధి కలదు. కంచికి వెళ్ళు యాత్రికులు అచ్చటికి కూడ వెళ్ళి సేవించుకొనవచ్చును. మకర మాస హస్తా నక్షత్రమున వారి తిరునక్షత్ర మహోత్సవము జరుగును.