ఆర్స్ పాత గుడి

గుడి ఇరుకైతే చాలు, పడగొట్టి కొత్తది కడదామంటాము. ఆర్స్ గుడి సంగతి వినండి.

1818 ఫిబ్రవరిలో పునీత జాన్ మరియ వియాన్నీ గారు ఆ ఫ్రెంచి పల్లెకు విచారణ గురువుగా వచ్చేనాటికి అక్కడ ఉన్నది సుమారు 230 మంది. ఆదివారం పూజ మాని పొలాలకు పోయేవారే ఎక్కువ. ఆయనా గురుమఠంలో లత్తీను రాక నానా అవస్థలు పడినవారే (ఆ బాధ నేనూ కొంత ఎరుగుదును). గుడి చిన్నది, పాతది. ఆయన దానిని కూల్చలేదు. గంటగోపురం తిరిగి కట్టించారు, ప్రక్కన మరియతల్లికి, 1823లో స్నాపక యోహాను గారికి, తరువాత ఫిలోమినమ్మ గారికి చిన్న చిన్న పీఠాలు చేర్చారు.

కాని జనం వచ్చింది పాపసంకీర్తనం కోసం. వేసవిలో రోజుకు పదహారు గంటల వరకు ఆయన ఆ ఇరుకు పెట్టెలోనే కూర్చునేవారు. దూరప్రాంతాల వారు రోజుల తరబడి తమ వంతు కోసం కాచుకొని ఉండేవారు. ఇంతచేసీ, ఈ విచారణకు తాను తగనని పలుమార్లు వెళ్ళిపోజూశారు. 1853లో విశ్వాసులే దారికి అడ్డం నిలిచి ఆపుకొన్నారు.

1859 ఆగస్టు 4న ఆయన ప్రభువులో నిద్రించారు. తరువాత పియెర్ బొస్సాన్ గారి నమూనాతో పెద్ద బసిలికా లేచింది. అయినా పాత గుడి ముందుభాగాన్ని ముట్టుకోలేదు, కొత్తదాన్ని దాని వెనుక అతికించారు. నేడు మీరు వెళ్ళినా ఆ పాత గోడల మధ్యగానే కొత్త గుడిలో అడుగుపెడతారు.