ఇబ్నె హైసమ్: కంటిచూపు గుట్టు విప్పిన పండితుడు

2010 జనవరి 15, శుక్రవారం. జుమా నమాజు వేళకు సూర్యగ్రహణం పట్టింది. రామేశ్వరం, కన్యాకుమారి వైపు అది కంకణ గ్రహణం, మన కోనసీమలో పాక్షికం. ఆ మధ్యాహ్నం మలికిపురంలో తాటాకు పందిరి కింద నిలబడి నేల చూసినవారికి ఒక వింత కనిపించింది. రోజూ ఆకుల సందుల్లోంచి గుండ్రటి బిళ్ళల్లా పడే ఎండ ఆ రోజు నెలవంకల్లా పడింది. ఒకటీ రెండూ కాదు, నేలంతా చిన్న చిన్న నెలవంకలు. పందిరి సందులు మారలేదు, మారింది సూర్యుడి ఆకారం. ఈ సంగతిని సుమారు వెయ్యేళ్ళ క్రితమే పరిశీలించి, గ్రహణపు ఆకారం మీద ప్రత్యేకంగా ఒక చిన్న గ్రంథం రాసిన పండితుడు అబూ అలీ అల్ హసన్ ఇబ్నె హైసమ్.

ఆయన క్రీ.శ. 965 (హిజ్రీ 354) ప్రాంతంలో ఇరాక్‌లోని బస్రా నగరంలో జన్మించారు. గణితంలోనూ ఖగోళ శాస్త్రంలోనూ ఆరితేరారు. ఆయన పేరు ఈజిప్టు దాకా పాకింది. అక్కడ ఫాతిమీ పాలకుడు అల్ హాకిమ్ రాజ్యం చేస్తున్నాడు. నైలు నది ఒక ఏడు పొంగి ఊళ్ళను ముంచేది, మరో ఏడు అడుగంటి కరువు తెచ్చేది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తి కాకముందు గోదావరి పక్కన బతికిన మన పెద్దలకు ఈ రెండు బాధలూ తెలిసినవే. నైలు నీటిని అదుపు చేసే ఉపాయం తన దగ్గర ఉందని ఇబ్నె హైసమ్ అన్నట్లు హాకిమ్ చెవిన పడింది. వెంటనే కబురు పెట్టి పిలిపించాడు, పనివాళ్ళనిచ్చి నది ఎగువకు పంపాడు.

ఆయన అస్వాన్ దాకా వెళ్ళారు. దారి పొడవునా ప్రాచీనులు కట్టిన బ్రహ్మాండమైన కట్టడాలు చూశారు. ఇంతటి లెక్క తెలిసినవాళ్ళు, నదిని ఆపడం సాధ్యమైతే ఆపకుండా ఉంటారా అనే ఆలోచన ఆయన్ను పట్టుకుంది. ఎగువన నది తీరు చూశాక తన అంచనా తప్పని తేలిపోయింది. తిరిగి వచ్చి పాలకుని ముందు ఆ మాట ఒప్పుకున్నారు.

హాకిమ్ అప్పటికి ఏమీ అనలేదు, ఒక ఉద్యోగం కూడా ఇచ్చాడు. కానీ అతడు ఎప్పుడు ఎవరి మీద ఆగ్రహిస్తాడో ఎవరికీ తెలియదు. పెద్ద పెద్ద అధికారులే అతని చేతిలో ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఇబ్నె హైసమ్‌కు ఒకే దారి కనిపించింది: మతిస్థిమితం తప్పినట్లు నటించారు. ఆయన ఆస్తిని అధికారులు తమ ఆధీనంలోకి తీసుకున్నారు, ఆయన్ను ఇంట్లోనే నిర్బంధించారు. 1021లో హాకిమ్ అంతమయ్యేదాకా ఆ పిచ్చివేషం సాగింది. చరిత్రకారుడు ఇబ్నుల్ ఖిఫ్తీ ఈ వృత్తాంతాన్ని సుమారు రెండు వందల ఏళ్ళ తరువాత రాశారు కనుక, ఇందులోని ప్రతి వివరాన్నీ తూచా తప్పని సాక్ష్యంగా పట్టుకోనక్కర లేదు. కితాబుల్ మనాజిర్ ఆ నిర్బంధంలోనే పుట్టిందని కూడా చాలామంది చెబుతారు. పరిశోధకులు మాత్రం అది 1028, 1038 మధ్య రాసినదని భావిస్తున్నారు.

ఏడు భాగాల ఆ గ్రంథం ఒక పాత వాదాన్ని పడగొట్టింది. కంటి నుంచి కిరణాలు బయలుదేరి వస్తువును తాకుతాయని, అందువల్లే మనకు కనిపిస్తుందని గ్రీకు పండితులైన యూక్లిడ్, టోలమీ నమ్మారు. ఇబ్నె హైసమ్ మొదట ఎత్తి చూపింది అందరికీ అనుభవమైన విషయాన్నే: సూర్యుణ్ణి తేరిపార చూస్తే కన్ను నొప్పి పుడుతుంది. కన్నే కిరణాలు పంపేదైతే దానికి బాధ ఎందుకు? కనుక వెలుగే బయటి నుంచి కంట్లోకి వస్తున్నది. తరువాత చీకటి గదిలో పరీక్షలు చేశారు. ఒక సన్నని రంధ్రం ఎదుట వరుసగా దీపాలు పెట్టి, ఒక దీపాన్ని మూస్తే లోపలి గోడ మీద ఆ దీపపు వెలుగు ఒక్కటే మాయమైంది. కిరణాలు తిన్నగా సాగుతాయని, ఒకదానిలో ఒకటి కలిసిపోవని దీనితో రుజువైంది. కన్ను పట్టుకున్నదాన్ని మనసు పాత జ్ఞాపకాలతో పోల్చి ఇది ఫలానా అని తీర్మానిస్తుందని కూడా ఆయన వివరించారు.

మొదటి భాగం చివర కంటి అవయవాల ఉపయోగాలను చెప్పారు. రెప్పలు నిద్రలో కన్నును కాపాడతాయి, వెలుగు తాకిడి నుంచి విశ్రాంతినిస్తాయి. రెప్పవెంట్రుకలు దుమ్మును అడ్డుకుంటాయి, మితిమీరిన వెలుగును తగ్గిస్తాయి.

ఆయన ఒకచోట పొరపడ్డారు. చూపు కంటి కటకం దగ్గరే మొదలవుతుందని, అక్కడ బొమ్మ నిటారుగానే ఉంటుందని అనుకున్నారు. నిజానికి బొమ్మ కంటి వెనుక పొర అయిన రెటీనా మీద తలకిందులుగా పడుతుందని 1604లో కెప్లర్ తేల్చారు. కెప్లర్ చదివినది కూడా ఇబ్నె హైసమ్ పుస్తకపు లాటిన్ అనువాదమే. అది 1572లో బాసెల్ నగరంలో అచ్చయింది.

రెటీనాకు నొప్పి తెలియదు. సూర్యుణ్ణి చూస్తే కన్ను ముందు భాగం బాధపడి, చెమ్మగిల్లి, రెప్ప వాలుస్తుంది. గ్రహణం వేళ వెలుగు తగ్గడంతో ఆ హెచ్చరిక బలహీనపడుతుంది, కంటిపాప మరింత తెరుచుకుంటుంది. మిగిలిన సూర్యుని వంక మాత్రం ఎప్పటిలాగే మండుతూ రెటీనాను దెబ్బ తీస్తుంది. ఆ మచ్చ కొందరిలో జీవితాంతం మిగిలిపోతుంది.

మదీనాలో దైవప్రవక్త (స) కుమారుడు ఇబ్రాహీమ్ మరణించిన రోజు గ్రహణం పట్టగా, అది ఆ మరణం వల్లేనని జనం అనుకున్నారు. ఆయన (స) ఆ అపోహను ఖండించి, నమాజు చేయించారు. అయినా గ్రహణం నాడు గర్భిణిని చీకటి గదిలో కూర్చోబెట్టే ఇళ్ళు మనలోనూ ఉన్నాయి. అదే ఇంట్లో పిల్లలు డాబా ఎక్కి ఎక్స్‌రే ఫిల్ముతో సూర్యుణ్ణి చూస్తుంటే మాత్రం ఎవరూ ఆపరు. ఫిల్ము, మసి పట్టించిన గాజు, చలువ కళ్ళద్దాలు పనికిరావు. పళ్ళెంలో పసుపు నీళ్ళు పోసి చూడడమూ క్షేమం కాదు. నడినెత్తిన ఉన్న సూర్యుడి వెలుగులో నూటికి రెండు వంతులు నీటి మీద నుంచి కంటికి తిరిగి వస్తాయి. గ్రహణపు కళ్ళద్దాలు వెలుగును సుమారు ముప్పై వేలలో ఒక వంతుకు తగ్గించాలి.

నిర్బంధం తొలగాక ఇబ్నె హైసమ్ కైరోలో జామె అల్ అజ్హర్ దగ్గర నివసించారు. గణిత గ్రంథాలకు చేతితో నకళ్ళు రాసి, ఏడాదికి నూట యాభై దీనార్లు సంపాదించుకుని, దానితోనే గడిపారు. 1040 (హిజ్రీ 430) ప్రాంతంలో మరణించారు.

2027 ఆగస్టు 2న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ ఆయన నడిచిన ఈజిప్టు మీదుగా, పవిత్ర మక్కా మీదుగా సాగుతుంది. మన ఊళ్ళో ఎప్పుడు గ్రహణం పట్టినా పిల్లలకు చూపించడానికి తాటాకు పందిరి చాలు. అది లేకపోతే అట్టముక్కకు సూదితో ఒక రంధ్రం పొడిచి, కింద తెల్ల కాగితం పెట్టండి. పిల్లల వీపు సూర్యుడి వైపు, చూపు కాగితం మీద ఉండాలి.